పైపు ఎక్కడ అందుకుంటుంది: 7.5 సీసీ మోడల్ విమాన ఇంజిన్‌కు ట్యూన్డ్ మఫ్లర్ కుదిర్చిన ఒక కేసు

నేపథ్యం

ఈ కేసులోని విమానం యజమాని గుంటూరుకు చెందిన నడివయసు వ్యక్తి. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలు వదిలేశాను, ఇంజిన్ తయారీదారు పేరూ రాయడం లేదు. విమానం రెక్కలు కొన నుంచి కొనకు 1.6 మీటర్లు, బరువు 3 కిలోలకు కొంచెం పైన. ఇంజిన్ 0.46 ఘనపు అంగుళాలది, అంటే సుమారు 7.5 సీసీ, టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్ (స్పార్కు లేకుండా, ఎర్రగా కాలే ప్లగ్ తీగతో ఇంధనాన్ని మండించేది), ఎగ్జాస్ట్ పక్కకు ఉంటుంది. ఈ తరగతి ఇంజిన్‌కు ఆ బరువు కాస్త ఎక్కువే. ఆయన కష్టాలన్నింటికీ మూలం అక్కడే ఉంది కాబట్టి ఆ సంగతి ముందే చెబుతున్నాను.

ఇంధనంలో 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం. శక్తి పెంచే నైట్రోమీథేన్ కలపరు. మన దగ్గర అది దొరకడం కష్టం, దొరికినా ధర భరించలేం. నైట్రో లేని ఇంధనంతో నడిచే ఇంజిన్ శక్తి కోసం ఇంకెక్కడో వెతుక్కోవలసి వస్తుంది, అప్పుడు చూపు సహజంగానే మఫ్లర్ మీద పడుతుంది.

ఎగరేసే చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. గన్నవరం విమానాశ్రయం పరిసరాల్లో ఎగరేయడానికి వీల్లేదు కాబట్టి మా ప్రాంతంలో ఈ సరదా ఉన్నవారు గుంటూరు వైపు వస్తారు. వరి కోతలు అయ్యాక పొలాలు ఖాళీగా ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు గానీ, డెల్టాలో కోతకు ముందే మినుములు చల్లేస్తారు, పొలం ఖాళీ అనే మాటే ఉండదు. మిగిలేవి అమ్ముడుపోని వెంచర్లలోని కంకర రోడ్లు. ఈయన వాడే వెంచర్ గట్టును ఆనుకుని ఒక గేదెల పాక ఉంది.

వచ్చిన సమస్య

కొనుక్కున్నప్పుడు ఇంజిన్‌తో వచ్చిన మామూలు మఫ్లర్‌లో మధ్యన రంధ్రమున్న ఒక అడ్డుబిళ్ల ఉండేది. విమానం బరువుగా లేస్తోందని ఆయన ఆ బిళ్లను తీయించారు. బిళ్ల తీశాక శక్తి కొద్దిగా పెరిగింది, శబ్దం చాలా పెరిగింది. గేదెలు బెదిరి పాలు సరిగ్గా ఇవ్వడం లేదని పాక యజమాని రెండు మూడుసార్లు మర్యాదగా చెప్పి, తరువాత అంత మర్యాద లేకుండానే చెప్పారు. దాంతో శబ్దమూ తగ్గాలి, శక్తీ పెరగాలి అనే ఆశతో విమానం యజమాని పాత సామానులో దొరికిన ఒక ట్యూన్డ్ పైపును (ఎగ్జాస్ట్ తరంగాలను వెనక్కి తిప్పి శక్తి పెంచే మఫ్లర్) కొని, దానికి తగిన హెడర్ (ఇంజిన్‌నూ పైపునూ కలిపే గొట్టం) చేయించి బిగించారు. అయినా శబ్దం ఇంకా ఎక్కువగా ఉందనిపించి, పైపు చివరి సన్నని గొట్టంలోకి 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఒక తొడుగు కొట్టించారు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చెప్పిన లక్షణం స్పష్టంగానే ఉంది. ఇంజిన్ నేల మీద చక్కగా నడుస్తుంది, విమానం లేస్తుంది, మొదటి మలుపు బాగుంటుంది. పూర్తి థ్రాటిల్ మీద నిటారుగా కాక నేరుగా ఒక దూరం వెళ్లేసరికి శబ్దం ఒక్కసారిగా సన్నబడి కీచుమంటుంది, కొన్ని సెకన్లకు వేగం పడిపోయి ఇంజిన్ ఆగిపోతుంది. దింపి, చల్లారనిచ్చి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది.

“మాస్టారూ, నీడిల్ ఎన్ని క్లిక్కులు తిప్పినా ఇదే కథండీ. ఎక్కువ తెరిస్తే నేల మీదే లేవదు, తక్కువ తెరిస్తే గాల్లో చస్తుంది. మధ్యలో జాగానే లేదు,” అన్నారాయన.

ఆ చివరి మాట నాకు పనికొచ్చింది. నీడిల్ అంటే కార్బ్యురేటర్‌లో ఇంధనం ఎంత వెళ్లాలో సర్దే సూది మర. దానికి ‘మధ్యలో జాగా’ లేదంటే నేల మీద ఇంజిన్ అడిగే ఇంధనానికీ గాల్లో అడిగే ఇంధనానికీ మధ్య తేడా మామూలు కంటే చాలా ఎక్కువగా ఉందన్నమాట. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న.

అప్పటికే చేసి చూసినవి

ఆయన అప్పటికి గ్లో ప్లగ్ మార్చారు, మిథనాల్‌లో నీరు చేరిందేమోనని కొత్త డబ్బా తెరిచారు, ఆముదం పాలు 25కు పెంచారు, ట్యాంకు చుట్టూ స్పాంజి మార్చి ఇంధనం నురగ కట్టకుండా చూశారు. ఇవేవీ అర్థం లేని పనులు కావు. కోస్తా గాలిలోని తేమను మిథనాల్ నిజంగానే పీల్చుకుంటుంది. చుట్టూ స్పాంజి సరిగ్గా లేని ట్యాంకులో అదురుకు బుడగలు పుట్టి ఇంజిన్ ఆకలితో ఆగిపోవడం నేను చాలాసార్లు చూసినదే. కానీ ఒక్కో పనీ ఇంకో పనితో కలిపి చేయడం వల్ల ఏది నిర్దోషో తేలలేదు. ఆముదం పెంచడం వల్ల జరిగినదల్లా పైపు లోపల జిగురు పేరుకోవడం.

మొదటి నిర్ణయం: అనుమానితుల సంఖ్య తగ్గించడం

నీడిల్ జోలికి పోకుండా, పాత మామూలు మఫ్లర్‌ను అడ్డుబిళ్లతో సహా తిరిగి బిగించమన్నాను. అదే ఇంధనం, అదే ట్యాంకు, అదే ప్లగ్, అదే 11×6 ప్రొపెల్లర్ (వ్యాసం 11 అంగుళాలు, చుట్టుకు 6 అంగుళాలు ముందుకు జరిగే వాలు). ట్యాంకు అయ్యేదాకా ఇంజిన్ ఒక్కసారి కూడా తడబడలేదు. శక్తి చాలలేదు, ఆ మాట నిజమే. కానీ ఈ ఒక్క పరీక్షతో ఇంధనం, ట్యాంకు, ప్లగ్, బేరింగులు, కార్బ్యురేటర్ అన్నీ అనుమానం నుంచి బయటపడ్డాయి. మిగిలింది పైపు, దానితో పాటు పైపు నుంచి ట్యాంకుకు వెళ్లే పీడనపు గొట్టం.

ఇక్కడ పైపు పని గురించి కొంచెం చెప్పకపోతే తరువాతి నిర్ణయాలు అర్థం కావు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు (కాలిన వాయువు బయటికి పోయే సిలిండర్ గోడలోని రంధ్రం) తెరుచుకోగానే ఒక పీడన తరంగం బయటికి పరిగెడుతుంది. పైపు మొదటి భాగం శంఖంలా విప్పారుతూ పోతుంది కాబట్టి అక్కడి నుంచి చూషణ (పీల్చే) తరంగం వెనక్కి వచ్చి సిలిండర్‌లోని కాలిన వాయువును లాగుతుంది. ఆ ఊపులో కొంత తాజా మిశ్రమం కూడా బయటికి జారుతుంది. తరువాతి భాగం సన్నబడుతూ వస్తుంది. అక్కడ తగిలిన తరంగం పీడన తరంగంగానే తిరిగి వచ్చి, పోర్టు మూసుకోబోయే ముందు ఆ జారిన మిశ్రమాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. మోటార్‌సైకిళ్ల మీద వాల్టర్ కాడెన్ 1950లలో ఈ విద్యను పండించాడు. మన రోడ్ల మీద తిరిగిన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు సైలెన్సర్ లోపలి ఆకారమూ ఈ కుటుంబంలోదే. దాని లోపలి గొట్టం పీకించి శబ్దం పెంచుకున్న కుర్రాళ్లు ఆటోనగర్‌లో ఎందరో ఉండేవారు. ఆ శబ్దంలో శక్తి ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో కొలిచినవాళ్లు మాత్రం నాకు తారసపడలేదు.

తరంగం వెళ్లి రావడానికి పట్టే కాలం పైపు పొడవునూ వాయువు వేడినీ బట్టి ఉంటుంది, ఇంజిన్ వేగాన్ని బట్టి మారదు. పోర్టు తెరిచి ఉండే కాలం మాత్రం ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ తగ్గుతుంది. ఈ రెండు కాలాలూ ఒక చిన్న వేగపు పట్టీలోనే కలుస్తాయి. ఆ పట్టీలోకి ఇంజిన్ ప్రవేశించడాన్ని మావాళ్లు పైపు అందుకోవడం అంటారు. అందుకున్న క్షణం నుంచి సిలిండర్‌లో నిలిచే గాలి పెరుగుతుంది, దానికి తగ్గ ఇంధనమూ కావాలి. నీడిల్‌ను నేల మీద, పైపు అందుకోని స్థితిలో సర్దితే, గాల్లో పైపు అందుకోగానే మిశ్రమం పలచబడుతుంది. యజమాని చెప్పిన కీచు శబ్దం, ఆ తరువాతి పతనం దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు కాబట్టి కొలవాలనుకున్నాను.

కొలతలు

మొదట ఎగ్జాస్ట్ పోర్టు తెరిచి ఉండే కోణం కావాలి. అట్ట మీద అతికించిన కోణమాపక చక్రాన్ని క్రాంక్ షాఫ్ట్‌కు బిగించి, పోర్టులోకి సన్నని టార్చి వేసి చూస్తే 148 డిగ్రీలు వచ్చింది. పిస్టన్ ముఖం నుంచి పైపు సన్నబడే భాగం మధ్య దాకా, వంపు వెంబడి దారం పెట్టి కొలిస్తే 430 మిల్లీమీటర్లు. లెక్క సులభం: తరంగ వేగాన్ని కోణంతో గుణించి, నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యకు 12 రెట్లతో భాగిస్తే కావలసిన పొడవు వస్తుంది. మిథనాల్ ఇంజిన్ ఎగ్జాస్ట్ పెట్రోలు ఇంజిన్ దానికంటే చల్లగా ఉంటుంది కాబట్టి తరంగ వేగాన్ని సెకనుకు 480 మీటర్లుగా తీసుకున్నాను. ఆ లెక్కన 430 మిల్లీమీటర్ల పైపు 13,800 ఆర్‌పిఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పండుతుంది, అంటే దాని సాయం అక్కడ శిఖరానికి చేరుతుంది. నేల మీద ఇంజిన్ తిరుగుతున్నది 11,600. అంటే ఈ పైపు ఇంకేదో వేగమైన, చిన్న ప్రొపెల్లర్ ఇంజిన్ కోసం పుట్టినది.

గాల్లో వేగం ఎంతో తెలియాలి. విమానంలో కొలత పరికరం లేదు, కానీ ఫోన్ ఉంది. టూ స్ట్రోక్ ఇంజిన్ చుట్టుకొకసారి పేలుతుంది కాబట్టి 12,000 ఆర్‌పిఎం అంటే సెకనుకు 200 పేలుళ్లు. రికార్డు చేసిన శబ్దంలో ఆ పౌనఃపున్యం, రెండు రెక్కల ప్రొపెల్లర్ వల్ల దాని రెట్టింపూ స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త అవసరం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో మన వైపు వచ్చే విమానం శబ్దం ఉన్నదానికంటే 8, 9 శాతం ఎక్కువగా, వెళ్లిపోయే విమానం శబ్దం దాదాపు అంతే తక్కువగా వినిపిస్తుంది. మనం వెతుకుతున్న తేడా కూడా అదే పరిమాణంలో ఉన్నప్పుడు ఇది మొత్తం కొలతను చెడగొడుతుంది. అందుకని మేము నిలబడ్డ చోటే కేంద్రంగా వలయంలో ఎగరేయమన్నాను. దూరం మారనంత వరకు శబ్దంలో ఆ మోసం ఉండదు.

రికార్డులో కనిపించినది ఇది: నేల మీద 193 దగ్గర ఉన్న పౌనఃపున్యం విమానం వేగం అందుకునే కొద్దీ మెల్లగా 215కు చేరింది, ఇది ప్రొపెల్లర్ మీద భారం తగ్గడం వల్ల వచ్చే మామూలు పెరుగుదల. అక్కడి నుంచి రెండు సెకన్ల లోపే 230కి ఎగబాకింది, అంటే 13,800. అక్కడ కాసేపు నిలిచి, వణికి, కూలిపోయింది. లెక్క చెప్పిన అంకె, చెవి విన్న అంకె ఇంత దగ్గరగా రావడం కొంత అదృష్టమే. తరంగ వేగం 480 కాక 510 అనుకుంటే లెక్క ఆరు శాతం మారేది. కానీ ఎగబాకిన తీరులో సందేహం లేదు.

పని చేయనివి

ముందుగా చివరి గొట్టంలోని 6 మిల్లీమీటర్ల తొడుగును తీయించాను. ఈ గొట్టం లోపలి వ్యాసం హెడర్ లోపలి వ్యాసంలో 0.6 వంతు ప్రాంతంలో ఉండాలనేది బాగా నలిగిన కొలమానం. ఇక్కడ హెడర్ 14 మిల్లీమీటర్లు కాబట్టి 8.5 దగ్గర ఉండాలి. దాన్ని 6కు బిగించడమంటే దారి విస్తీర్ణాన్ని సగానికి తగ్గించడం. వేడి వాయువు లోపలే నిలిచి సిలిండర్‌ను కాలుస్తుంది. తొడుగు తీశాక దింపిన వెంటనే చూసిన హెడ్ ఉష్ణోగ్రత గణనీయంగా తగ్గింది, ఇంజిన్ ఆగిపోవడానికి పట్టే సమయం పెరిగింది. ఆగిపోవడం మాత్రం మానలేదు, శబ్దం పెరిగింది. యజమానికి ఇది నచ్చలేదు. శబ్దం సంగతి చివర్లో విడిగా చూద్దామని, రెండు సమస్యలను ఒకే గొట్టంతో తీర్చబోతే రెండూ మిగులుతాయని ఆయనకు చెప్పాను.

తరువాతిది ప్రొపెల్లర్. పైపు 13,800 అడుగుతుంటే ఇంజిన్‌నే అక్కడికి తీసుకెళ్లవచ్చు కదా అన్నది న్యాయమైన ఆలోచన, పైగా ఖర్చు కేవలం ఒక ప్రొపెల్లర్. 10×6 బిగిస్తే నేల మీదే 13,200 దాటింది, పైపు అంచుల్లోకి వచ్చింది, నీడిల్ సర్దడానికి వీలు చిక్కింది. ఇంజిన్ ఆగలేదు. కానీ విమానం పాడైంది. అంటే విరగలేదు, దాని నడవడిక పాడైంది. బరువైన, గాలికి ఎక్కువ అడ్డొచ్చే ఈ విమానాన్ని నెమ్మదిగా లాగాలంటే పెద్ద ప్రొపెల్లర్ కావాలి. చిన్నదానితో కంకర రోడ్డు చాలక అంచుదాకా పరిగెత్తి లేచేది. శబ్దం మరింత తీక్షణమైంది, గేదెల పాక వైపు నుంచి ఒక మనిషి రావడం కనిపించగానే ఆ పరీక్ష ముగించాం.

ఈ రెండూ విఫలమైనా వృథా కాలేదు. పైపు అందుకోవడం నేల మీదే జరిగితే నీడిల్‌కు జాగా దొరుకుతుందని రెండోది రుజువు చేసింది. కాబట్టి చేయవలసింది ఇంజిన్‌ను పైపు దగ్గరికి ఎక్కించడం కాదు, పైపును ఇంజిన్ దగ్గరికి దించడం.

పని చేసినది

పైపు దిగాలంటే పొడవు పెరగాలి. 12,000 దగ్గర పండాలంటే లెక్క ప్రకారం 493 మిల్లీమీటర్లు. హెడర్‌కూ పైపుకూ మధ్య అదే లోపలి వ్యాసం ఉన్న అల్యూమినియం గొట్టం ముక్క పెట్టి, రెండు చివరలా వేడికి తట్టుకునే సిలికాన్ తొడుగులతో కలిపాం. గొట్టాల కొనలు తొడుగు లోపల ఒకదానికొకటి దాదాపు ఆనుకోవాలి. సందు వదిలితే వేడి వాయువు సిలికాన్‌ను నేరుగా కాల్చేస్తుంది. పొడవు విషయంలో ఎప్పుడూ ఎక్కువతో మొదలుపెట్టి కోసుకుంటూ రావాలి, కోసిన గొట్టాన్ని సాగదీయలేం కాబట్టి. పైగా పొడవు ఎక్కువైన పైపు ఇంజిన్‌ను మందగింపజేస్తుందే తప్ప కాల్చదు. పొట్టి పైపు కాలుస్తుంది.

520 దగ్గర మొదలుపెట్టాం. ఇంజిన్ 11,300 దగ్గర మొండికేసింది, ఎంత తెరిచినా పైకి పోలేదు. ఐదేసి మిల్లీమీటర్లు తగ్గించుకుంటూ వచ్చాం. ప్రతి పొడవు దగ్గరా నీడిల్‌ను కొత్తగా సర్ది, ఇంధనపు గొట్టాన్ని వేళ్లతో క్షణం నొక్కి వదిలేవాడిని. నొక్కగానే వేగం కొద్దిగా పెరిగి పడితే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు, పెరగకుండానే పడిపోతే పలచనైనట్టు. విమానం ముక్కును పైకెత్తి కూడా ఇదే చూడాలి. ఈ పనంతా ప్రొపెల్లర్ వెనక నిలబడే చేయాలి, చొక్కా చేతులు మడిచి. మిథనాల్ మంట పగటి వెలుగులో కనిపించదు కాబట్టి తడిగుడ్డ పక్కనే ఉండాలి.

490 దగ్గర ట్యాకోమీటర్ 12,150 చూపింది, అన్నింటికంటే ఎక్కువ. 505 దగ్గర 11,950. యజమాని 490 దగ్గర ఆపుదామన్నారు. నేను 505 ఎంచుకున్నాను. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన నిర్ణయం ఇదే కాబట్టి కారణం కాస్త విడమరచి చెబుతాను.

నేల మీద అత్యధిక వేగం వచ్చిన పొడవు దగ్గర ఇంజిన్ పైపు పట్టీలో శిఖరానికి ఇంకా ఇవతలి వైపు ఉండే అవకాశం ఎక్కువ. గాల్లో భారం తగ్గి వేగం పెరిగితే అది శిఖరం వైపు ఇంకా ఎక్కుతుంది. ఇంకాస్త గాలి నిలుస్తుంది, మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. వేడెక్కిన వాయువులో తరంగం మరింత వేగంగా పరిగెడుతుంది కాబట్టి పైపు పండే వేగం కూడా పైకి జరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకునే ఈ గొలుసే యజమాని ఇంజిన్‌ను అంతకుముందు చంపినది. అదే పైపు కొంచెం పొడవుగా ఉంటే, నేల మీదే ఇంజిన్ శిఖరం దగ్గరో కొంచెం దాటో ఉంటుంది. గాల్లో వేగం పెరగబోతే శిఖరానికి అవతలి పక్కకు జారుతుంది, పైపు సాయం తగ్గుతుంది, మిశ్రమం చిక్కబడుతుంది, వేగం దానంతట అదే ఆగుతుంది. అప్పుడు పైపు శక్తినిచ్చేదే కాక వేగానికి కాపలాదారు కూడా అవుతుంది. 200 ఆర్‌పిఎం పోగొట్టుకుని కొనుక్కున్న నిలకడ ఇది. గాల్లో రికార్డు చేస్తే పౌనఃపున్యం 210 దగ్గర, అంటే 12,600 దగ్గర గీత గీసినట్టు నిలిచింది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

పీడనపు గొట్టం కూడా ఈ దశలోనే మార్చాం. మోడల్ ఇంజిన్లలో మఫ్లర్ నుంచి కొంత పీడనాన్ని ట్యాంకుకు పంపి ఇంధనాన్ని నెడతారు. ఈ పైపుకు ఆ పీడనపు గొట్టం తగిలించే నిపుల్‌ను హెడర్ మీద, పోర్టుకు దగ్గరగా పెట్టించారు. అక్కడ పీడనం తరంగాలతో విపరీతంగా ఊగుతుంది, పైపు అందుకున్నప్పుడు చూషణ బలపడుతుంది. అంటే ఇంజిన్ ఎక్కువ ఇంధనం అడిగే సమయానికే నెట్టే పీడనం తగ్గవచ్చు. పారదర్శక గొట్టాన్ని ‘యు’ ఆకారంలో వంచి నీళ్లు పోసి కొలిస్తే, థ్రాటిల్ పెంచినప్పుడు హెడర్ దగ్గర నీటి మట్టం వణుకుతూ అటూ ఇటూ పోయింది. పైపు అత్యంత లావుగా ఉన్న చోట పెట్టిన కొత్త నిపుల్ దగ్గర వేగంతో పాటు సాఫీగా పెరిగింది. కొత్త చోటే ఖాయం చేసి, హెడర్ మీది రంధ్రాన్ని వెల్డింగ్‌తో మూయించాం. దీన్ని పొడవు మార్చడానికి ముందే చేసి ఉంటే సమస్య కొంత తగ్గేదేమో గానీ పోయేది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే పైపు అందుకునే చోటు మారనంతకాలం నేలకూ గాలికీ మధ్య అగాధం అలాగే ఉంటుంది.

శబ్దం

వేగం 13,800 నుంచి 12,600కు దిగడంతోనే కీచుదనం పోయింది. మిగిలిన దానిని మూడు భాగాలుగా చూడాలి: పైపు చివర నుంచి వచ్చేది, పైపు గోడల నుంచి వచ్చేది, ప్రొపెల్లర్ నుంచి వచ్చేది. ప్రొపెల్లర్ కొన 11 అంగుళాలకు 12,600 దగ్గర సెకనుకు సుమారు 184 మీటర్ల వేగంతో తిరుగుతుంది, అంటే ధ్వని వేగంలో సగానికి పైన. దాని గురించి మఫ్లర్ ఏమీ చేయలేదు, ఆ సంగతి యజమానికి ముందే చెప్పడం మంచిది.

చివరి గొట్టానికి ఒక చిన్న డబ్బా తగిలించాం. లోపల రంధ్రాలు పొడిచిన గొట్టం, చుట్టూ ఖాళీ జాగా, బయటికి వెళ్లే దారి 8.5 కంటే ఎక్కడా సన్నగా లేకుండా. డబ్బా ఘనపరిమాణం ఇంజిన్ సీసీకి పదిరెట్లకు పైగా ఉండేట్టు చూసుకున్నాం. మొదటి డబ్బాలో ఆముదం నిండిపోయి, విమానం ముక్కు పైకెత్తగానే ఇంజిన్ మందగించింది. అడుగున కారిపోవడానికి సన్నని రంధ్రం పెట్టాక కుదిరింది. పైపును విమానం ఒంటికి గట్టిగా బిగించిన లోహపు పట్టీ తీసేసి సిలికాన్ ముక్క మీద కూర్చోబెట్టాం. పలచని బల్సా రెక్కల విమానానికి గట్టిగా బిగించిన పైపు ఆ ఒంటినంతా లౌడ్‌స్పీకర్‌గా మార్చేస్తుంది. 3 మీటర్ల దూరంలో, ఒకే చోట, ఒకే ఫోన్‌తో కొలిస్తే బిళ్ల తీసిన పాత మఫ్లర్ కంటే 7 డెసిబెల్స్ తగ్గింది. ఫోన్ చూపే అంకెను నమ్మలేం, తేడాను నమ్మవచ్చు. దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఈ తగ్గుదల గేదెల పాకను ఉన్నచోటి నుంచి రెట్టింపు దూరానికి జరిపినదానికి సమానం. దానితో పాటు టేకాఫ్ దిశను కూడా పాకకు అవతలి వైపు మార్చుకోమన్నాను.

వేసవిలో

ఈ సర్దుబాటు అంతా చలికాలపు ఉదయాల్లో, 20 డిగ్రీల దగ్గర జరిగింది. బెజవాడ మే నెల ఎలా ఉంటుందో తెలిసినవారికి సందేహం రాక మానదు. 42 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత 20 డిగ్రీల నాటి కంటే ఏడు శాతం తక్కువ. గాలి తగ్గితే అదే నీడిల్ దగ్గర మిశ్రమం చిక్కబడుతుంది, శక్తి తగ్గుతుంది. ప్రొపెల్లర్‌కు ఎదురయ్యే భారం కూడా అదే పాళ్లలో తగ్గుతుంది కాబట్టి ఆర్‌పిఎం పెద్దగా మారదు. పైపు లోపలి వాయువు వందల డిగ్రీల్లో ఉంటుంది గనుక బయటి 22 డిగ్రీల తేడా తరంగ వేగాన్ని కొద్దిగానే కదిలిస్తుంది. కాబట్టి పొడవు ముట్టుకోనక్కరలేదని చెప్పాను, అలాగే జరిగింది. నీడిల్ ఒకటి రెండు క్లిక్కులు మూయాలనిపిస్తుంది, లెక్కా అదే చెబుతుంది. కానీ వేడి గాలిలో సిలిండర్ చల్లబడడమూ కష్టమే కాబట్టి ఆ చిక్కదనాన్ని అలాగే వదిలేయమన్నాను.

ఈ కేసు తరువాత మారిన పద్ధతి

ఇప్పుడు ఎవరైనా ట్యూన్డ్ పైపు తెచ్చి ఇంజిన్ ఆగిపోతోందంటే నీడిల్ కంటే ముందు పోర్టు కోణం, పిస్టన్ నుంచి పైపు పొడవు, నేల మీద ఆర్‌పిఎం కొలుస్తాను. ఈ మూడింటితో పైపు నేల మీద అందుకుంటోందా, గాల్లో అందుకుంటోందా అన్నది చాలావరకు తేలిపోతుంది. గాల్లో అందుకునే పైపును నీడిల్‌తో నయం చేయలేం. గాల్లో మిశ్రమం మార్చే సర్వో (రిమోట్‌తో కదిలే చిన్న మోటారు) పెట్టుకోవచ్చని ఒకరు సూచించారు. అది పనిచేస్తుంది, కానీ ఎగరేసేవాడి బుర్రను ఇంకో మీట ఆక్రమిస్తుంది, బరువైన విమానం దింపుతున్నప్పుడు ఆ మీట మరచిపోతే మళ్లీ అదే కథ.

505 అన్న అంకెను మాత్రం ఎవరూ ఎత్తుకుపోకూడదు. పోర్టు కోణం నాలుగు డిగ్రీలు మారినా, ఇంధనంలో నైట్రో కలిపినా, ప్రొపెల్లర్ మార్చినా కొలత మళ్లీ మొదటికి వస్తుంది. ఈయన ఇంధనం, ప్రొపెల్లర్ వివరాలను టేపు మీద రాసి పైపు పక్కన అతికించుకున్నారు.

పైపు లోపల ఆముదం కాలి పేరుకునే జిగురు గురించి ఒక హెచ్చరిక అవసరం. చివరి గొట్టం లోపల అర మిల్లీమీటరు పొర కట్టినా 8.5 కాస్తా 7.5 అవుతుంది, తీయించిన తొడుగు మెల్లగా తిరిగి వచ్చినట్టే. దాన్ని వదిలించడానికి కాస్టిక్ సోడా వాడమని ఆటోనగర్‌లో ఎవరో సలహా ఇచ్చారట. అల్యూమినియం కాస్టిక్ సోడాలో కరిగిపోతుంది, హైడ్రోజన్ కూడా పుడుతుంది. పైపుతో పాటు మనిషికీ ప్రమాదం. రేడియేటర్ కూలెంట్‌లో వేసి, ఆరుబయట, మరగనివ్వకుండా కొన్ని గంటలు సన్నని సెగ మీద ఉంచితే జిగురు మెత్తబడి బ్రష్షుకు వస్తుంది. ఆ గిన్నె విషపూరితం, మళ్లీ వంటింటి ముఖం చూడకూడదు. ఈయన ఏడాదికి ఒకసారి, వానలు మొదలై వెంచర్ రోడ్లు బురదైన రోజుల్లో ఈ పని పెట్టుకుంటున్నారు.